షార్ప్స్ రెప్లికా రైఫిల్: కాగితం తూటా నుంచి బ్రీచ్ లీకు మరమ్మతు దాకా

క్యాప్‌తో (కొడితే మంట చిమ్మే చిన్న లోహపు టోపీతో) పేలుతూ వెనక నుంచి తూటా పెట్టుకునే పాతకాలపు రైఫిళ్ల రెప్లికాల్లో ఎక్కువమంది కొనేది షార్ప్స్. కొన్న కొత్తలో దాదాపు అందరూ చెప్పే ఫిర్యాదు కూడా ఒక్కటే. నాలుగైదు గుళ్లు కాల్చేసరికి బ్రీచ్‌ను (బారెల్ వెనక నోటిని) మూసే ఉక్కు దిమ్మ, అంటే బ్రీచ్ బ్లాక్, బిగుసుకుపోతుంది, దాన్ని దించే లీవర్ కిందికి రాదు, పైనుంచి వేడి గ్యాస్ చిమ్ముతుంది. వెంటనే రైఫిల్‌ను లేత్ మీదికి ఎక్కించాలనిపిస్తుంది. ఆగండి. ఈ ఇబ్బందుల్లో చాలావరకు తూటాలోనే తీరిపోతాయి. తూటా కుదిరాక కూడా మిగిలిన లీకుకే ఉక్కు మీద చెయ్యి వేయాలి. ఈ మార్గదర్శి కూడా అదే వరసలో సాగుతుంది: ముందు కొలతలు, తర్వాత గుండు, తూటా, కాల్చే పద్ధతి, చివరికి మార్పులు.

ముందుగా చట్టం సంగతి. భారతదేశంలో ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా ఇలాంటి రైఫిల్ ఉంచుకోకూడదు. అమెరికాలో 1898లో గానీ అంతకుముందు గానీ తయారైన క్యాప్ తుపాకుల రెప్లికాలను ఫెడరల్ చట్టం పురాతన ఆయుధాలుగా చూస్తుంది. అయితే రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి. అక్కడ వీసా మీద ఉన్న తెలుగువాళ్లు కొనే ముందే తమ రాష్ట్ర నిబంధనలను లాయరుతో సరిచూసుకోవాలి. "షాపువాడు ఇచ్చాడు కదా" అన్నది రక్షణ కాదు.

మాట విషయంలో కూడా ఒక జాగ్రత్త. ఇందులో వాడేది బ్లాక్ పౌడర్. దాన్ని "నల్లమందు" అనకండి, తెలుగులో ఆ మాటకు అర్థం వేరు. ఇక్కడ మందు అన్నచోటల్లా తుపాకి మందు అనే అర్థం, అది కూడా అసలు బ్లాక్ పౌడర్ మాత్రమే. పొగలేని ఆధునిక మందు చిటికెడు కలిపినా ఈ బ్రీచ్ తట్టుకోదు.

యంత్రం ఎలా పనిచేస్తుంది

క్రిస్టియన్ షార్ప్స్ 1848 సెప్టెంబరు 12న ఈ బ్రీచ్‌కు పేటెంట్ తీసుకున్నాడు. ట్రిగ్గర్ గార్డే లీవర్. దాన్ని కిందికి లాగితే ఉక్కు దిమ్మ, అంటే బ్రీచ్ బ్లాక్, ఫ్రేములోని గాడిలో కిందికి జారి బారెల్ వెనక నోరు తెరుచుకుంటుంది. తూటా పెట్టి లీవర్ మూస్తే దిమ్మ పైకి వచ్చి నోరు మూస్తుంది. మొదటి నమూనాల్లో దిమ్మ ఏటవాలుగా కదిలేది. 1859 నమూనా నుంచి నిలువుగా కదులుతుంది. ఇప్పుడు దొరికే రెప్లికాల్లో ఎక్కువ భాగం 1859, 1863 నమూనాలకు నకళ్లే. ఇటలీలో పెడెర్సోలీ, అమెరికాలోని మోంటానాలో షైలో కంపెనీలు వీటిని తయారుచేస్తాయి. అసలు రైఫిళ్లను .52 క్యాలిబర్ (అంగుళాల్లో బారెల్ లోపలి వ్యాసం) అనేవారు, రెప్లికాల మీద .54 అని ఉంటుంది.

కష్టమంతా దిమ్మకీ బారెల్‌కీ మధ్య సందులో ఉంది. ఇత్తడి తొడుగు ఉన్న ఆధునిక తూటాలో, పేలినప్పుడు ఆ తొడుగే ఉబ్బి సందు మూసేస్తుంది. కాగితం తూటాకు ఆ సౌకర్యం లేదు. అందుకే పాత నిపుణులు రెండు ఏర్పాట్లు చేశారు. ఒకటి దిమ్మ ముఖంలో అమర్చిన గ్యాస్ ప్లేటు. రెండోది చాంబర్ (బారెల్ వెనక తూటా కూర్చునే గది) వెనక భాగంలో ఉంగరంలా కూర్చునే స్లీవ్. పేలుడు ఒత్తిడి ఈ రెండింటినీ ఒకదానికొకటి అదిమిపెట్టాలి. ఒత్తిడి పెరిగేకొద్దీ బిగింపూ పెరగాలన్నది ఆలోచన. కొన్ని రెప్లికాల్లో ఈ స్లీవ్ ఏమాత్రం కదలదు. మరికొన్నింట్లో మరీ వదులుగా ఉండి దాని చుట్టూ బయటివైపునుంచే గ్యాస్ పోతుంది. మీ చేతిలో ఉన్నది ఏ రకమో తెలియకుండా ఏ పనీ మొదలుపెట్టకండి.

విప్పడం, కొలవడం

మొదట రైఫిల్ ఖాళీగా ఉందని, నిప్పిల్ (క్యాప్ తొడిగే చిన్న గొట్టం) మీద క్యాప్ లేదని చూసుకోండి. హ్యామర్‌ను (క్యాప్‌ను కొట్టే సుత్తిని) హాఫ్ కాక్‌లో, అంటే సగం పైకి లేచి ఆగే గాడిలో పెట్టండి. హ్యామర్ పూర్తిగా కింద ఉండగా లీవర్ లాగితే దాని ముక్కు నిప్పిల్‌కి తగిలి రెండూ దెబ్బతింటాయి. తర్వాత ఫ్రేము కుడివైపున ఉన్న లీవర్ పిన్ను. దాన్ని ఆపే చిన్న స్ప్రింగ్ బొడిపెను లోపలికి నొక్కి, పిన్ను చేతిని తిప్పి బయటికి లాగండి. లీవరూ దిమ్మా కలిసి కిందికి వస్తాయి. వాటిని చేత్తో పట్టుకునే లాగాలి. దిమ్మ నేలమీద పడితే గ్యాస్ ప్లేటు అంచు సొట్టపోతుంది, ఆ సొట్ట దగ్గరే రేపు లీకు మొదలవుతుంది.

ఇప్పుడు నాలుగు విషయాలు చూసి నోటుపుస్తకంలో రాసుకోండి.

మొదటిది బారెల్ లోపలి వ్యాసం. నూనె రాసిన బారెల్‌లోకి మెత్తని శుద్ధ సీసం ముక్కను మూతి వైపు నుంచి చెక్క కడ్డీతో నెట్టి వెనక నుంచి తీయండి. సీసం మీద బారెల్ లోపల మెలికగా కోసిన గాళ్ల అచ్చు పడుతుంది. దాన్ని మైక్రోమీటర్‌తో కొలిస్తే గాళ్ల లోతు దగ్గర వ్యాసం తెలుస్తుంది. పెట్టె మీది క్యాలిబర్ అంకెను నమ్మి మౌల్డు (గుండు పోసుకునే అచ్చు) కొంటే డబ్బు దండగ. ఒకే కంపెనీ రైఫిళ్లలో కూడా వెయ్యో వంతు అంగుళాల్లో తేడా ఉంటుంది.

రెండోది చాంబర్ పొడవు. మీరు వాడబోయే గుండును బొటనవేలితో చాంబర్‌లోకి, గాళ్లు మొదలయ్యేచోటికి తగిలి ఆగేదాకా నెట్టండి. క్యాలిపర్ వెనక ఉండే లోతు కడ్డీతో స్లీవ్ వెనక అంచు నుంచి గుండు అడుగు దాకా కొలవండి. తూటా గొట్టం పొడవు ఇందులోంచే వస్తుంది.

మూడోది స్లీవ్. వేలితో కదిపి చూడండి. ముందుకూ వెనక్కూ కొద్దిగా కదులుతోందా, గుండ్రంగా తిరుగుతోందా, కదలకుండా బిగుసుకుని ఉందా?

నాలుగోది సందు. దిమ్మను మళ్లీ బిగించి, లీవర్ మూసి, పైనుంచి ఫీలర్ గేజ్ రేకులతో (సందు కొలిచే పలచని రేకులతో) స్లీవ్‌కీ ప్లేటుకీ మధ్య సందు చూడండి. అసలు అంకె కన్నా రెండు వైపులా ఒకేలా ఉందా అన్నది ముఖ్యం. ఎడమవైపు రేకు దూరి కుడివైపు దూరకపోతే రెండు ముఖాలూ ఒకే చదునులో లేవు. అలాంటిది తూటాతో సరికాదు. దాని మరమ్మతు కింద చెప్తాం.

గుండు

పాత సైనిక తూటాలో గుండు సుమారు 475 గ్రెయిన్లు, అంటే 30.8 గ్రాములు తూగేది. ఇప్పటి రింగ్ టెయిల్ మౌల్డులు కూడా ఆ బరువు చుట్టుపక్కలే ఉంటాయి. గుండు అడుగున సన్నని ఉంగరంలాంటి తోక ఉంటుంది, కాగితం గొట్టం దానికి అంటుకుంటుంది. గుండు వ్యాసం గాళ్ల వ్యాసానికి సమానంగా గానీ 0.001 నుంచి 0.002 అంగుళం ఎక్కువగా గానీ ఉండాలి. అంతకన్నా సన్నమైతే గుండు పక్కల నుంచి మంట దూరి సీసం కరిగి గాళ్లకు అంటుకుంటుంది. లావైతే చాంబర్ మెడలో ఆగిపోతుంది, అప్పుడు దిమ్మ మూతపడదు. మౌల్డు కొనే ముందు రెండు మూడు సైజుల గుళ్లు కొన్ని తెప్పించుకుని చాంబర్‌లో పెట్టి చూడటమే చవకైన దారి.

సీసం మెత్తనిది కావాలి. శుద్ధ సీసం చాలు, లేదా 30 పాళ్ల సీసానికి 1 పాలు తగరం. కారు చక్రాల బరువులు, బ్యాటరీ సీసం వద్దు. మొదటివి గట్టివి. బ్యాటరీ పలకలను కరిగిస్తే వచ్చే వాయువులు ప్రాణాంతకం. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, పోతకు సుమారు 400 డిగ్రీలు కావాలి. ఆ కుండలో ఒక్క నీటి చుక్క పడినా ఆవిరై సీసాన్ని ఒంటిమీదికి ఎగజిమ్ముతుంది. గాలి ఆడే చోట, కంటి అద్దాలు, చేతితొడుగులు వేసుకుని పోయండి. పని అయ్యాక చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టొద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ బట్టలు విడిగా ఉతకాలి.

గుండు చుట్టూ ఉండే గాళ్లలో పెట్టే గ్రీజులో పెట్రోలియం ఉండకూడదు. బ్లాక్ పౌడర్ మసితో పెట్రోలియం నూనె కలిస్తే తారులాంటి గట్టి పెచ్చు కడుతుంది, బ్లాక్ బిగుసుకుపోవడానికి అదొక కారణం. తేనెమైనం, జంతువుల కొవ్వు కలిపి వాడటం పాత పద్ధతి. 1857లో ఎన్‌ఫీల్డ్ తూటాల కొవ్వు మన దేశంలో ఎంత పెద్ద రగడకు దారితీసిందో తెలిసిందే. కొవ్వు వద్దనుకుంటే తేనెమైనం, ఆలివ్ నూనె సమపాళ్లలో కలపండి. ఎండాకాలంలో మైనం పాలు కొద్దిగా పెంచాలి, చలికాలంలో తగ్గించాలి. వేలితో నొక్కితే అచ్చు పడాలి, తూటా పెట్టెలో కరిగి కారకూడదు. కారిన గ్రీజు మందులోకి దిగితే ఆ తూటా మందకొడిగా పేలుతుంది, గుండు గురి కిందికి పోతుంది. ఏ కొవ్వులోనైనా ఉప్పు ఉంటే బారెల్‌కి తుప్పే.

కాగితం తూటా కట్టడం

సైనికులు వాడిన కాలంలో తూటా కొంచెం పొడుగ్గా ఉండేది. లీవర్ మూయగానే దిమ్మ అంచు కత్తిలా కాగితం తోకను కోసేది, లోపలి మందు మంట రంధ్రానికి ఎదురుగా తెరుచుకునేది. యుద్ధంలో వేగం కోసం అది సరే. ఈరోజు టార్గెట్ కాల్చేవాళ్లకు ఆ పద్ధతి వద్దంటాం. కోతకు రాలిన మందు దిమ్మ తలమీద, ఫ్రేము సందుల్లో పడుతుంది. గ్యాస్ లీకయిన మరుక్షణం అది కూడా భగ్గుమంటుంది. కోయనవసరం లేని, వెనక పలచని కాగితంతో మూసిన తూటా కట్టండి. షార్ప్స్ క్యాప్ మంట ఆ పలచని పొరను సులువుగా చీల్చుకుపోతుంది.

కావలసినవి: జుట్టు రింగులు తిప్పడానికి వాడే పలచని కాగితం గానీ సిగరెట్ కాగితం గానీ, గుండు తోకకు సరిపోయే వ్యాసం ఉన్న నున్నని చెక్క కడ్డీ, గ్లూ స్టిక్, మందు కొలిచే పాత్ర, చిన్న తూకం యంత్రం.

1. చాంబర్ కొలతలో వచ్చిన పొడవు నుంచి 1 మిల్లీమీటరు తగ్గించండి. పూర్తయిన గొట్టం గుండు అడుగు నుంచి అంత పొడవు ఉండాలి. గుండు తోక మీదికి ఎక్కే భాగాన్ని అదనంగా కలుపుకోండి.

2. కాగితాన్ని కడ్డీకి ఒకటిన్నర చుట్టు చుట్టి, అంచున 3 మిల్లీమీటర్ల మేర మాత్రమే జిగురు రాయండి. జిగురు ఎక్కువైతే ఆ పట్టీ కాలదు. కాలని పట్టీ చాంబర్‌లో నిప్పు కణికగా మిగులుతుంది.

3. అదే కాగితంలోంచి గుండ్రని బిళ్ల కత్తిరించి వెనక అంచుకు అంటించండి. ఒక్క పొర చాలు. మడతలు పెట్టి మూస్తే నాలుగైదు పొరలవుతాయి, క్యాప్ పేలుతుంది గానీ మందు అంటుకోదు.

4. ఆరిన గొట్టంలో మందు పోయండి. మొదలు 50 గ్రెయిన్ల ఎఫ్ఎఫ్‌జీ (మధ్యరకం గింజల బ్లాక్ పౌడర్), అంటే 3.24 గ్రాములు. అర అంగుళం వ్యాసం ఉన్న గొట్టంలో ఇది సుమారు ఒక అంగుళం ఎత్తు వస్తుంది. పాత సైనిక తూటాలో 60 గ్రెయిన్లు, ఆపైన ఉండేది. మీ రైఫిల్‌తో వచ్చిన పుస్తకంలో రాసిన పరిమితిని మాత్రం ఎన్నడూ దాటకండి.

5. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉండకూడదు. కొద్దిగా మిగిలితే ఆ ఖాళీలో పొడి బొంబాయి రవ్వ నింపండి. రవ్వ 10 గ్రెయిన్ల కన్నా ఎక్కువ పడుతోందంటే గొట్టం కొలత తప్పిందని అర్థం, మళ్లీ చాంబర్ కొలవండి. రవ్వకు ఇంకో ఉపయోగం కూడా ఉంది: గుండు గ్రీజు మందులోకి దిగకుండా అడ్డుకుంటుంది.

6. గుండు తోకకు జిగురు రాసి గొట్టంలో దించండి. గుండును పట్టుకుని తూటాను మెల్లగా ఊపితే లోపల మందు గలగలలాడకూడదు.

మొదటి విడతగా పది మాత్రమే కట్టండి. యాభై కట్టాక పొడవు తప్పని తెలిస్తే యాభైనీ విప్పాలి. ఒక కాగితం ముక్కను బయట విడిగా వెలిగించి చూడండి. బూడిద పలచగా మిగిలి వెంటనే ఆరిపోతే ఆ కాగితం మంచిది. అంచు ఎర్రగా చాలాసేపు కాలుతూ ఉంటే దాన్ని తూటాకు వాడొద్దు. బ్లాక్ పౌడర్‌కు బదులుగా అమ్మే మందులు ఎందుకు వద్దో కూడా ఇక్కడే చెప్పాలి. పైరోడెక్స్ వంటివి అంటుకోవడానికి బ్లాక్ పౌడర్ కన్నా ఎక్కువ వేడి కావాలి. షార్ప్స్‌లో నిప్పిల్ నుంచి చాంబర్ దాకా మంట దారి పొడుగ్గా, మలుపులతో ఉంటుంది. అంత దూరం నడిచి వచ్చిన మంటకు అంత శక్తి ఉండదు. అందుకే వాటితో ఆలస్యంగా పేలడం, అసలు పేలకపోవడం ఎక్కువ.

కాల్చే వరస

పక్కల కూడా మూసి ఉండే కంటి అద్దాలు, చెవి రక్షణ, పొడుగు చేతుల నూలు చొక్కా తప్పనిసరి. పాలిస్టర్ నిప్పురవ్వకు కరిగి చర్మానికి అంటుకుంటుంది. మీ కుడివైపు మనిషి దగ్గరగా నిలబడకూడదు, క్యాప్ ముక్కలు అటే ఎగురుతాయి. ఎడమచెయ్యి ఫోర్ ఎండ్ (బారెల్ కింది చెక్క) మధ్యలో ఉండాలి, ఫ్రేము దగ్గర కాదు. మందు డబ్బా, కొలపాత్ర కాల్చే వరసలోకి రానివ్వకండి. తూటాలు కట్టుకుని మూతపెట్టెలో తెచ్చుకోండి, ఒక్కొక్కటి తీసి మళ్లీ మూత వేయండి.

మొదటి గుండుకు ముందు బారెల్‌లో, మంట దారిలో నూనె లేకుండా పొడిగుడ్డతో తుడిచి, తూటా లేకుండా రెండు క్యాప్‌లు పేల్చండి. రెండోసారి మూతి ముందు నేలమీది ఆకో గడ్డిపోచో కదలాలి. కదిలితే మంట దారి తెరుచుకుని ఉన్నట్టు.

తర్వాత హాఫ్ కాక్, లీవర్ కిందికి, చాంబర్‌లోకి చూపు. మూతి టార్గెట్ వైపే ఉండాలి. తూటాను బొటనవేలితో గుండు ఆగేదాకా నెట్టి లీవర్ మూయండి. గట్టిగా తగిలితే బలవంతం చేయకండి, తూటా పూర్తిగా లోపలికి పోలేదు. మూశాక దిమ్మ తలమీద మందు గింజలు పడ్డాయేమో చూసి ఊడ్చేయండి. క్యాప్ ఎప్పుడూ చివరనే. షార్ప్స్‌కి వాడేది పెద్ద మస్కెట్ క్యాప్. దాన్ని వేలితో కాదు, చిన్న చెక్కముక్కతో అదిమి నిప్పిల్ అడుగుదాకా దించండి. సగం దిగిన క్యాప్ మీద హ్యామర్ పడితే, ఆ దెబ్బ బలమంతా క్యాప్‌ను దించడానికే సరిపోతుంది, పేలదు. రెండో దెబ్బకు పేలిందంటే తప్పు క్యాప్‌ది కాదు, పెట్టిన పద్ధతిది.

గుండు పేలాక లీవర్ తెరిచి ప్రతిసారీ లోపలికి చూడాలి. తెరిచిన వెంటనే ముఖం దగ్గరగా పెట్టకుండా, పక్కనుంచి చూడండి. ఎర్రగా కాలుతున్న కాగితం ముక్క మిగిలి ఉంటే, తర్వాతి తూటా దిమ్మ తెరిచి ఉండగానే మీ బొటనవేలి ముందే అంటుకుంటుంది. ఈ రైఫిల్‌తో జరిగే ప్రమాదాల్లో ఇంతకన్నా ఘోరమైనది లేదు. అనుమానం వస్తే తడిగుడ్డ ఒకటి లోపల తిప్పండి, అంతే, తొందరేం లేదు.

క్యాప్ పేలి మందు పేలకపోతే రైఫిల్‌ను టార్గెట్ వైపే పట్టుకుని పూర్తిగా ఒక నిమిషం ఆగండి. కొత్త క్యాప్ పెట్టి మళ్లీ కొట్టండి. మూడోసారికీ పేలకపోతే మళ్లీ ఒక నిమిషం ఆగి, క్యాప్ తీసి, రేంజ్ అధికారిని పిలిచి అప్పుడు దిమ్మ తెరవండి.

అమెరికా అంతర్యుద్ధకాలపు తుపాకులతో పోటీలు నడిపే నార్త్ సౌత్ స్కిర్మిష్ అసోసియేషన్‌కు వర్జీనియాలోని వించెస్టర్ దగ్గర సొంత రేంజ్ ఉంది. ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లు ఒక పోటీని చూసి రావడం మంచిది. షార్ప్స్ వాడే చేతులు పది గుళ్ల తర్వాత కూడా లీవర్‌ను ఎలా సులువుగా కదుపుతున్నాయో కళ్లారా చూస్తే సగం సందేహాలు పోతాయి.

లీకు ఎక్కడో పట్టుకోవడం

తూటా కుదిరాక కూడా దిమ్మ బిగుసుకుంటోందనుకోండి. అప్పుడు గుర్తులు చదవాలి. ఐదు గుళ్లు కాల్చి, తుడవకుండా దిమ్మ విప్పండి. ప్లేటు మీద మసి గుండ్రని గీతగా, చుట్టూ ఒకే మందంతో ఉంటే ముఖాలు బాగా కలుస్తున్నాయి. ఒకవైపు గీత తెగి, అక్కడ నుంచి మసి తోకచుక్కలా బయటికి పాకి ఉంటే, సరిగ్గా ఆ చోట ముఖం చదునుగా లేదు. ప్లేటు మీద మసి లేకుండా స్లీవ్ బయటిగోడ, దాని గూడు నల్లబడితే గ్యాస్ స్లీవ్ వెనకనుంచి పోతోంది. మసి దిమ్మ పక్కల మాత్రమే ఉంటే అది నిప్పిల్ నుంచో, దిమ్మ పక్కనున్న శుభ్రపరిచే మర వదులై అక్కడ నుంచో వచ్చింది. ఈ మూడు లీకులకూ మరమ్మతులు వేరు. అన్నిటికీ ఓ-రింగే (రబ్బరు ఉంగరమే) వేయడం తప్పు.

మార్పులు, తక్కువ పని నుంచి ఎక్కువ పనికి

మొదటి మెట్టులో ఉక్కు ముట్టుకోనే ముట్టుకోం. వేడికి తట్టుకునే గ్రీజును స్లీవ్ బయటి గోడకు పలచగా పట్టించి గూట్లో కూర్చోబెట్టండి. దిమ్మ పక్కలకు తేనెమైనం గ్రీజు రాయండి. ప్రతి పది గుళ్లకు దిమ్మ ముఖాన్ని, సబ్బునీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడవండి. చాలా రైఫిళ్లకు ఇంతటితో పని అయిపోతుంది.

ముఖాలు చదునుగా లేకపోతే ల్యాపింగ్, అంటే రుద్ది చదును చేయడం. ప్లేటు ముఖానికి ఇంజనీర్లు వాడే నీలిరంగు పలచగా పూసి, దిమ్మ బిగించి లీవర్ ఒకసారి మూసి తెరవండి. స్లీవ్ అంచుమీద నీలం అంటిన చోట్లు ఎత్తయినవి. స్లీవ్ బయటికి వచ్చే రకమైతే, మందపాటి అద్దం పలక మీద 600 గ్రిట్ నీటి ఎమెరీ కాగితం పరిచి, స్లీవ్ వెనక ముఖాన్ని దానిమీద ఎనిమిది అంకె ఆకారంలో పది సార్లు రుద్దండి. కడిగి, నీలం మళ్లీ చూడండి. ముప్పావు వంతు చుట్టూ నీలం పడితే ఆపేయండి. నూటికి నూరు కోసం రుద్దుతూ పోతే స్లీవ్ పొట్టిదై సందు పెరుగుతుంది, అప్పుడు కొత్త స్లీవే గతి. చేతి ఆకురాయితో మాత్రం ఈ పని చేయకండి. చదును చేయాల్సిన ముఖం గుండ్రబడుతుంది.

స్లీవ్ వెనకనుంచి పోయే గ్యాస్‌కు ఓ-రింగ్. స్లీవ్ భుజానికీ బారెల్‌లోని గూటి మెట్టుకీ మధ్య చిన్న గాడి కోసి, వేడికి తట్టుకునే వైటాన్ రబ్బరు రింగును అందులో కూర్చోబెడతారు. అది రెండు పనులు చేస్తుంది: బయటి దారి మూస్తుంది, స్లీవ్‌ను స్ప్రింగులా వెనక్కి నెట్టి ప్లేటుకు ఆనిస్తుంది. గాడి లోతు రింగు మందం కన్నా కొంచెం తక్కువ ఉంటేనే రింగు నలిగి బిగుస్తుంది. మరీ తక్కువైతే లీవర్ మూయడానికి బలం కావాలి, కొన్ని వారాల్లో లీవర్ పిన్ను అరుగుతుంది. ఇది లేత్ పని, బ్లాక్ పౌడర్ తుపాకులు తెలిసిన గన్‌స్మిత్ చేయాల్సిన పని. స్లీవ్‌లోనే గాడి కోయమని అడగండి, బారెల్‌లో కాదు. స్లీవ్ పాడైతే ఇంకోటి కొనవచ్చు. రింగు ఎండి పగిలే వస్తువే, కాబట్టి రెండు మూడు అదనంగా ఉంచుకుని, ప్రతి శుభ్రతలోనూ చూసి, గట్టిపడితే మార్చండి.

నిప్పిల్ కూడా అరిగే సామానే. దాని అడుగు రంధ్రం మంటకు క్రమంగా పెద్దదవుతుంది. పేలినప్పుడు హ్యామర్ తనంతట తానే హాఫ్ కాక్‌కు ఎగురుతోందంటే నిప్పిల్ మార్చే రోజు వచ్చింది. కొత్తదాని మరచుట్టు మీ రైఫిల్‌కు చెందినదేనని తయారీదారు సామాన్ల పట్టికలో చూసి కొనండి. దగ్గరి సైజు మర బలవంతంగా ఎక్కుతుంది, కాల్చినప్పుడు ఊడి వెనక్కి వస్తుంది.

గురి విషయంలో ఒక చిన్న లెక్క. రెప్లికాల్లో వెనక సైటుకు (గురి చూసే నిచ్చెనలాంటి పట్టీకి) ఉన్న అతి తక్కువ గీతే 50 గజాలకు ఎక్కువవుతుంది, గుళ్లు పైకి పడతాయి. ముందు సైటును ఎత్తు చేయాలి. ఎంత? తప్పు దూరాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించండి. 50 గజాలంటే 1800 అంగుళాలు. సైట్ల మధ్య 24 అంగుళాలుండి గుళ్లు 6 అంగుళాలు పైకి పడితే: 6 × 24 ÷ 1800 = 0.08 అంగుళం. ఆకురాయికి అవకాశం ఉండేలా 0.10 ఎక్కువ ఎత్తున్న సైటు పెట్టించి, కాలుస్తూ కొద్దికొద్దిగా దించండి. తూటా తీరు పూర్తిగా కుదిరాకే ఈ పని. మందు 5 గ్రెయిన్లు మారిస్తే ఈ లెక్కంతా మారిపోతుంది.

చేయకూడనివి రెండు. హాఫ్ కాక్ గాడిని తాకి ట్రిగ్గర్ తేలిక చేయొద్దు. తూటా పెట్టేటప్పుడు మీ వేళ్లకు కాపలా ఆ గాడే. ఇక రైఫిల్‌ను ఇత్తడి తూటాకు మార్చడం. అంతర్యుద్ధం ముగిశాక అమెరికా ప్రభుత్వం వేల షార్ప్స్ కార్బైన్లను (పొట్టి రైఫిళ్లను) .50-70 అనే సైజు ఇత్తడి తూటాకు మార్పించిన మాట నిజం. కానీ అది కర్మాగారంలో, పరీక్షలతో జరిగిన పని. ఇప్పుడు అలా మారిస్తే బలం సంగతి ఎలా ఉన్నా, అమెరికా చట్టం దృష్టిలో అది పురాతన ఆయుధం కాకుండా పోతుంది.

అదే కాలపు మరో తుపాకి స్మిత్ కార్బైన్ రెప్లికా ఉన్నవాళ్లకు ఈ లీకు బాధ చాలా తక్కువ. దాని తూటా గొట్టమే రబ్బరు లేదా ప్లాస్టిక్, ఉబ్బి సందు తానే మూస్తుంది, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. మేనార్డ్ కార్బైన్‌ది అడుగున చిన్న రంధ్రమున్న ఇత్తడి తూటా. గుండు, గ్రీజు, మందు గురించి పైన చెప్పినవి వాటికీ వర్తిస్తాయి, బ్రీచ్ మార్పులు వర్తించవు.

శుభ్రత

బ్లాక్ పౌడర్ మసి గాలిలోని తేమను పీల్చి ఉక్కును తింటుంది. కాల్చిన రోజే కడగాలి. కోస్తా లాంటి ఉక్కపోత ఉన్న చోట, హ్యూస్టన్ అయినా సరే, రాత్రి దాటనివ్వకండి. దిమ్మ విప్పి, స్లీవ్ తీసి, వేడి సబ్బునీళ్లలో నానబెట్టండి. దిమ్మ పక్కనున్న శుభ్రపరిచే మర తీసి మంట దారిలో పైపు బ్రష్ రెండువైపుల నుంచీ తిప్పండి. ఆ మరకు తిరిగి బిగించేముందు మర పట్టుకుపోకుండా వాడే యాంటీ సీజ్ పేస్టు పూయకపోతే నాలుగోసారికి ఊడదు, తల విరుగుతుంది. బారెల్‌ను వెనక నుంచి మూతి వైపు తోమండి. మసి నీరు చెక్కలోకి దిగకుండా మూతిని కిందికి వంచండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి, ఆరబెట్టి, పలచగా నూనె రాయండి. స్లీవ్ గూట్లో మిగిలిన మసిని చెక్కపుల్లతో గీకాలి, స్క్రూడ్రైవర్‌తో కాదు.

మర్నాడు పొద్దున ఇంకో తెల్లగుడ్డ బారెల్‌లో తిప్పండి. గోధుమరంగు వస్తే ముందురోజు కడగడం చాలలేదు, మళ్లీ వేడినీళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టండి.